ఎక్కడ చెడిందో బొమ్మే చెబుతుంది

పాత ట్యూబు టీవీని మళ్లీ నడిపించాలంటే పార్టులు దొరకాలనీ, అవి దొరికే కాలం పోయిందనీ చాలామంది అంటారు. ఆ మాటలో సగమే నిజం. ట్యూబు టీవీ తన జబ్బును తానే తెర మీద రాసి చూపించే యంత్రం. ఆ రాత చదవగలిగితే చాలా సెట్లు రెండు మూడు చిన్న పార్టులతోనే లేస్తాయి. చదవలేకపోతే సంచినిండా పార్టులున్నా లాభం లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్లలో ఇంజనీరింగ్ గడప తొక్కనివాళ్లు సైతం టీవీ రిపేరులో ఆరితేరగలిగారంటే, ఆ యంత్రంలోని ఈ గుణమే అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం.

1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన ట్యూబులో ఉన్న సూత్రమే చివరి పిక్చర్ ట్యూబు దాకా నడిచింది. కాథోడ్ నుంచి వెలువడే ఎలక్ట్రాన్ల ధార గాజు తెర వెనక ఉన్న ఫాస్ఫర్ పూతను తాకితే అక్కడ వెలుగు పుడుతుంది. ఆ ధారను అయస్కాంత చుట్టలు ఎడమ నుంచి కుడికి సెకనుకు 15,625 సార్లు, పైనుంచి కిందికి 50 సార్లు లాగుతాయి. మన దేశపు పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు రెండు విడతల్లో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పేక ఒక్కొక్క పోగుగా పడి గుడ్డ తయారైనట్టే, ఇక్కడ గీత మీద గీత పడి బొమ్మ తయారవుతుంది. గుడ్డలో పడిన లోపం చూసి సాంచాలో ఏ భాగం దారి తప్పిందో నేతకార్మికుడు చెప్పగలిగినట్టు, తెర చూసి సర్క్యూట్‌లో ఏ భాగం ఆగిందో చెప్పొచ్చు. తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క మెరిసే గీత మిగిలిందా, ధారను పైకీ కిందికీ లాగే వర్టికల్ భాగం ఆగింది, మిగతావన్నీ పనిచేస్తున్నాయి. (ఆ గీత ఫాస్ఫర్‌ను కాల్చేస్తుంది, వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించాలి.) బ్రైట్‌నెస్ పెంచేకొద్దీ బొమ్మ ఉబ్బి వెలవెలబోతే హైవోల్టేజీ నిలబడటం లేదన్నమాట. తెరంతా చుక్కలు చిమ్ముతూ బొమ్మ మాత్రం లేకపోతే యాంటెన్నాను, ట్యూనర్‌ను అనుమానించాలి. అంచులు అలలా ఊగుతూ రెండు అడ్డ పట్టీలు కనిపిస్తే బ్రిడ్జి రెక్టిఫయర్ తర్వాత వచ్చే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. అదే ఒక్క పట్టీ అయితే బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగి ఉండాలి. అప్పుడు 100 హెర్ట్జ్ అల కాస్తా 50కి పడిపోతుంది, తెర కూడా సెకనుకు 50 సార్లే నిండుతుంది కనుక ఒక్క పట్టీ పడుతుంది. మీటరు కూడా పెట్టకుండా, పట్టీలు లెక్కపెట్టి ఇంత తేల్చుకోవచ్చు.

తెర రాతకు ఊరి చరిత్ర కూడా తోడవుతుంది. ఢిల్లీలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న మొదలైనా హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977 అక్టోబరు 23న. 1967లో ఏ.ఎస్. రావు నాయకత్వంలో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు తెలుగు ఇళ్లకు బాగా పరిచయం. అయితే హైదరాబాద్‌కు 150 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న జగిత్యాల, కోరుట్లలకు ఆ సిగ్నల్ సరిగా అందే వీలు లేదు. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెరిగాకే ఇలాంటి ఊళ్ల సంగతి మారింది. అందుకే ఈ ప్రాంతంలో పాత సెట్టు దొరికితే అది పూర్తి వాల్వుల సెట్టు అయ్యే అవకాశం తక్కువ. ట్రాన్సిస్టర్లు, ఐసీలు ఉండి, పిక్చర్ ట్యూబు ఒక్కటే వాల్వు జాతి పార్టుగా మిగిలిన సెట్టు అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడికి సెట్లు వచ్చిన రెండో దారి గల్ఫ్‌ది. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీలకు పోయినవాళ్లు తెచ్చిన కలర్ టీవీకి వేరే పరీక్ష కావాలి. ఆ రోజుల్లో సౌదీ ఇళ్లలో 127 వోల్టుల కరెంటు ఉండేది. వెనక వోల్టేజీ స్విచ్ ఉన్న సెట్టును అది చూడకుండా మన 230 వోల్టులకు పెడితే ఫ్యూజుతో ఆగదు. అప్పటి సౌదీ ప్రసారాల రంగు పద్ధతి సెకామ్, మనది పాల్. సిస్టమ్ స్విచ్ సెకామ్ మీద ఉండిపోతే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది, ఏ పార్టూ చెడకుండానే. ఇక మోటర్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోవడం పల్లెలకు కొత్త కాదు. బొమ్మ నాలుగు వైపులా సమంగా కుంచించుకుపోతే సెట్టు కన్నా ముందు ఇంటి కరెంటునూ స్టెబిలైజర్‌నూ చూడాలి.

తెరను ఇంతగా నమ్మొచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఒకే లక్షణానికి నాలుగు కారణాలుండొచ్చు. పైగా తెర నల్లగా ఉంటే చదవడానికేముంది? ‘సౌండు ఉంది, బొమ్మ లేదు’ అన్న కేసునే తీసుకుందాం. ట్యూబు మెడ దగ్గర ఎర్రటి వెలుగు ఉందా? చాలా కలర్ సెట్లలో కాథోడ్‌ను వేడిచేసే ఆ ఫిలమెంట్‌కు కరెంటు ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) నుంచే వస్తుంది కనుక, వెలుగు కనబడితే ధారను అడ్డంగా లాగే హారిజాంటల్ భాగం బతికే ఉందని తేలుతుంది. ఆన్ చేయగానే గాజు మీద చిటపటమంటూ, చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే హైవోల్టేజీ కూడా ఉంది. రెండూ ఉండి తెర నల్లగానే ఉందంటే ఎలక్ట్రాన్ ధారను ఎవరో ఆపుతున్నారు. స్క్రీన్ కంట్రోల్ కొద్దిగా పెంచితే ఏటవాలు తెల్లగీతలు తేలాయా, ట్యూబు బాగుంది, లోపం వీడియో భాగంలో ఉంది. ఒక్కో ప్రశ్నకు అనుమానితుల జాబితా సగానికి తగ్గుతుంది. తెర నల్లబడ్డా సెట్టు మాట్లాడటం మానలేదు, కాకపోతే వినేవాడు కళ్లతోపాటు చెవినీ చర్మాన్నీ వాడాలి.

వినాలంటే ముందు దాన్ని చంపకుండా లేపాలి. ఏళ్ల తరబడి మూలన పడ్డ సెట్టును నేరుగా ప్లగ్‌లో పెట్టడం పెద్ద పొరపాటు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో రెండు పలకలను వేరు చేసేది అల్యూమినియం మీది పలుచని ఆక్సైడ్ పొర. కరెంటు లేకుండా ఏళ్లు గడిస్తే ఆ పొర బలహీనపడుతుంది, తక్కువ వోల్టేజీతో మెల్లగా పెంచుతూ పోతే మళ్లీ కొంత కుదురుకుంటుంది. అందుకే మెకానిక్కులు 100 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తారు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే పరవాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. వేడెక్కే పార్టుల కాళ్ల దగ్గర టంకం పగిలి ‘డ్రై సోల్డర్’ అయి ఉంటుంది, దాన్ని మళ్లీ కరిగిస్తే చాలు. ప్రమాదం మాత్రం నిజమే. చాలా సెట్లలో చాసిస్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. ట్యూబులో వేల వోల్టులు ఆఫ్ చేశాక కూడా నిలవ ఉంటాయి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, యానోడ్‌ను డిశ్చార్జ్ చేయకుండా ఎవరూ చేయి పెట్టకూడదు, నేర్పేవాళ్లు పక్కన లేకుండా అసలే పెట్టకూడదు.

బాగైనా చూసేదేముంది, దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 మార్చి నాటికి కొన్ని తప్ప మూతపడ్డాయి కదా అంటారు. సెట్‌టాప్ బాక్సు సిగ్నల్‌ను చిన్న ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ ద్వారా యాంటెన్నా సాకెట్‌కు ఇస్తే చాలు. ఎల్‌ఈడీ టీవీ చవక, కరెంటు తక్కువ తింటుంది అన్న మాటను నేను కాదనను, రోజూ చూడటానికి అదే మేలు. కానీ దాని తెర నల్లబడితే టార్చిలైటు వేసి బ్యాక్‌లైట్ పోయిందా అని చూసేంతవరకే మన తర్కం నడుస్తుంది. ఆ తర్వాత చాలాసార్లు బోర్డు మార్చడమే. కారణం నుంచి ఫలితానికి దారి కంటికి కనబడే యంత్రం ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల ముందు ఒక్కటైనా ఉండాలి, అందుకే ఈ సెట్లు బతకాలంటున్నాను. కెపాసిటర్లు మారిస్తే ఇంక పాతదెలా అవుతుందన్న ఆక్షేపణ నాకు బరువుగా అనిపించదు. అరిగిపోవడం కెపాసిటర్ స్వభావం. బొమ్మ గుణమంతా ట్యూబులో, చుట్టలలో ఉంది, వాటిని కాపాడితే చాలు.

ఆ ట్యూబే హద్దు. కాథోడ్ అరిగిపోతే బొమ్మ మసకగా, ఆలస్యంగా తేలుతుంది. ఫిలమెంట్ వోల్టేజీ కాస్త పెంచితే ఇంకొన్నాళ్లు లాగొచ్చు, అంతకు మించి చేయగలిగింది లేదు. అప్పుడు కూడా దాన్ని తుక్కువాడి సుత్తికి అప్పగించకూడదు. లోపల శూన్యం ఉంటుంది కనుక పగిలితే గాజు విరజిమ్ముతుంది, కలర్ ట్యూబు వెనక గాజులో సీసం కూడా ఉంటుంది. చుట్టలను, ఎల్‌ఓటీని విప్పి ఇంకో సెట్టు కోసం దాచుకుని, ఖాళీ ట్యూబును పగలకుండా అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికి చేర్చాలి.