పసుపు కల్లముపై మంచు: గాలిలోని ఆవిరిని లెక్కించు విధానము

బాల్కొండ ప్రాంతపు రైతులు పసుపుకొమ్ములను ఉడుకబెట్టి, కల్లములందు పది పదునైదు దినములు ఆరవేయుదురు. రాత్రి మంచు తగిలి కొమ్ములు తడిసినచో బూజు పట్టును, రంగు చెడును, అంగడిలో ధర తగ్గును. మంచు పట్టు సూచనను సాయంకాలముననే లెక్కించి తెలిసికొనవచ్చును.

మంచు ఆకాశమునుండి రాలునది కాదు. గాలిలో కంటికి కనబడని నీటియావిరి కలదు. చల్లబడినకొలది గాలిలో ఆవిరిగా నుండగల నీరు తగ్గును. మిగిలినది బిందువులై చల్లని వస్తువులపై చేరును. ఇట్లు చేర నారంభించు ఉష్ణమునకు తుషారస్థానమని పేరు.

ఇందులకు రెండు ఉష్ణమాపకములు చాలును. ఒకదాని బుడ్డికి శుభ్రమైన తడిగుడ్డ చుట్టి, రెంటిని నీడలో నుంచి, కొన్ని నిమిషములు విసరి, సెంటీగ్రేడు డిగ్రీలను చూడవలెను. గాలి ఎంత పొడిగా నున్న రెంటికి అంత భేదముండును.

వాయుభారమును గూడ నెరుగవలెను. ఎత్తునకు పోయినకొలది ఇది తగ్గునని 1648లో ఫ్రాన్సుదేశమున ఒక కొండపై పాదరసపు గొట్టముతో నిరూపించిరి. సముద్రమట్టమున ఇది 760 మిల్లీమీటర్లు. సుమారు 36 అడుగుల కొక మిల్లీమీటరు తగ్గును. ఈ ప్రాంతము సుమారు 1,200 అడుగుల ఎత్తున నున్నది గావున ఇచ్చట 727 అని గ్రహింపవచ్చును.

సూత్రము: గాలిలోని ఆవిరిభారము = తడిమాపకపు డిగ్రీకి పట్టికలోని భారము − (0.00066 × వాయుభారము × రెండు మాపకముల భేదము).

గాలి పట్టగల పూర్తి ఆవిరిభారము, మిల్లీమీటర్లలో:
12 డిగ్రీలకు 10.5
14 డిగ్రీలకు 12.0
16 డిగ్రీలకు 13.6
18 డిగ్రీలకు 15.5
20 డిగ్రీలకు 17.5
25 డిగ్రీలకు 23.8

ఉదాహరణము: సాయంకాలమున పొడిమాపకము 25, తడిమాపకము 18 చూపెననుకొనుడు. భేదము 7. 0.00066ను 727చే హెచ్చింప 0.48, దానిని 7చే హెచ్చింప సుమారు 3.4. ఇది 15.5లో తీసివేయగా 12.1 మిగులును. పట్టికలో 12.0కు ఎదుట 14 డిగ్రీలున్నవి. కావున తుషారస్థానము సుమారు 14 డిగ్రీలు.

ఆ రాత్రి చలి 14 డిగ్రీలకు దిగునని తోచినచో కొమ్ములను కుప్పచేసి కప్పవలెను. మబ్బు లేక గాలి కదలని రాత్రులందు కల్లముపైని కొమ్ములు గాలికంటెను ఎక్కువ చల్లబడును. కావున రెండు మూడు డిగ్రీలు ముందుగనే జాగ్రత్తపడుట మేలు. తెల్లవారిన పిమ్మట ఎండ వచ్చి నేల ఆరినంతనే మరల పరచవలెను. ఒక్కపూట శ్రమచే సంవత్సరపు పంట దక్కును.