నవోదయ విద్యాలయ ప్రవేశము: రైతుబిడ్డలను గూర్చి ఒక మనవి



విత్తనములను, ఎరువులను, అప్పు వాయిదాలను గూర్చియే మేమీ పత్రికలో వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసము మీ బిడ్డల చదువును గూర్చి వ్రాయుచున్నాము. ఇందులకు గల కారణమును చివర మనవి చేసెదము.

1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి కేంద్ర ప్రభుత్వమువారు తెలివిగల పల్లెపిల్లల కొరకు జిల్లాలలో జవాహర్ నవోదయ విద్యాలయములను నెలకొల్పిరి. అప్పుడు కేంద్రమున విద్యను చూచుచుండిన మంత్రి మన తెలుగువారైన శ్రీ పి.వి. నరసింహారావుగారు. అంతకు పూర్వము 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున గురుకుల పాఠశాల వెలసిననాడు ముఖ్యమంత్రియు వారే.

ఈ విద్యాలయములలో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు చదువు, భోజనము, వసతి, పుస్తకములు, దుస్తులు ఉచితము. తొమ్మిదవ తరగతి నుండి కొందరివద్ద నెలకు కొంత రుసుము తీసికొందురు గాని, బాలికలకును, షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకును, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికిని అదియు లేదు. నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ పల్లెపిల్లలకును, మూడవవంతు బాలికలకును ఉద్దేశింపబడినవి.

పరీక్ష రెండు గంటలు. ప్రశ్నలు 80, మార్కులు 100. మానసిక సామర్థ్యమునకు 50, అంకగణితమునకు 25, భాషకు 25 మార్కులు. తెలుగున వ్రాయవచ్చును. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు. దరఖాస్తునకు రుసుము లేదు.

అయితే మూడు సంగతులు మరువరాదు. మొదటిది: బిడ్డ నివసించు జిల్లాలోనే ఐదవ తరగతి చదువుచుండవలెను. రెండవది: మూడు, నాలుగు, ఐదు తరగతులలో ఒక్కదినము పట్టణపు బడిలో చదివినను పల్లెవాటా పోవును. ఏదో మోజుతో ఒక్క యేడు పట్టణమునకు పంపి, మరల ఊరికి తెచ్చు తండ్రులు దీనిని గమనింపవలెను. మూడవది: ఈ పరీక్ష ఒక్కసారి మాత్రమే. ఖరీఫు పోయినను రబీ యున్నదని మనము ఊరడిల్లుదుము. దీనికి రబీ లేదు.

దరఖాస్తు ఆన్‌లైనులో పంపవలెను. ప్రధానోపాధ్యాయుని సంతకముతో ధ్రువపత్రము, బిడ్డ ఫోటో, బిడ్డవియు తలిదండ్రులవియు సంతకములు, నివాసమునకు ఆధారము ముందే సిద్ధపరచుకొనుడు. పుట్టినతేదీ అన్ని కాగితములందును ఒక్కటిగా నున్నదో లేదో చూచుకొనుడు.

ఇక కారణము. మొన్నటి యేట ఒక సభ్యుడు తన కుమార్తె కాగితములు తెచ్చి మమ్ము సాయమడిగెను. మేము ప్రదర్శనక్షేత్రమున కోతల సందడిలో నుండి, “ఇంకను గడువున్నది, వచ్చేవారము చూతము” అంటిమి. వచ్చేవారము మరియొక పని వచ్చెను. గడువు దాటెను. లెక్కలలో అంత చురుకైన బాలిక పరీక్షకు కూర్చుండనే లేదు. తండ్రి నేటికిని మట్టి నమూనాలు తెచ్చి మాకిచ్చుచునే యున్నాడు. మమ్మొక్క మాట యనలేదు. అనియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

కావున ప్రకటన వెలువడినది మొదలు గడువు ముగియువరకు ప్రతి శనివారము సాయంకాలము మేము సంఘ కార్యాలయమున కూర్చుందుము. కాగితములు తెండు, బిడ్డను కూడ వెంట తెండు. పంపిన తరువాత రసీదు చేతిలో పడువరకు మేము లేవము.