ఒత్తు జారితే పది జారాయి

ముందుగా ఒక పొడుపు కథ వేస్తాను. "ఒత్తి పలికితే ఇరవయ్యో ఇల్లు, ఒత్తు జారితే పదో ఇల్లు. ఆ ఇంటావిడ ఎవరు?"

అప్పడమా, విసనకర్రా అని తడుముకోకండి. జవాబు ఒక రాగం పేరు.

మేం నలుగురం ఆడవాళ్లం శనివారాలు మధ్యాహ్నం పూట ఒకరింట్లో చేరి ఇలాంటివి వేసుకుంటూంటాం. ఒకావిడ చిన్నప్పుడు అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చి, పెళ్లి కుదరడంతో ఆపేశారు. ఎదురింటి వదినగారు ఊళ్లో ఏ కచేరీ అయినా వదలరు గాని, పాడమంటే మాత్రం నోరు విప్పరు. నాది రేడియో వినికిడి జ్ఞానం. ఇక నాలుగో ఆవిడ మూడో వాటా పిన్నిగారు. మంగళహారతులూ, అధ్యాత్మ రామాయణ కీర్తనలూ కమ్మగా పాడతారు. కాని పొడుపు కథ మొదలయ్యేసరికి "నాకేం తెలుసమ్మా, మీరు కానివ్వండి" అని చిక్కుడుకాయలు ముందేసుకుని గుమ్మం దగ్గర కూర్చునేవారు. ఆవిడ సంగతి మళ్లీ వస్తుంది.

మన సంగీతంలో పొడుపు కథలు మేం కొత్తగా పుట్టించినవి కావు. రాగాల పేర్లలోనే పెద్దలు దాచిపెట్టారు. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో 72 మేళాల చట్రం వేసి పెట్టాడు. తరువాతివాళ్లు ఆ మేళాల పేర్లకి అంకెల తాళం బిగించారు. ఆ తాళం చెవి పేరు కటపయాది. చాలా తేలిక, పప్పు ఉడికేలోగా వచ్చేస్తుంది. క నుంచి వరసగా ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. మళ్లీ ట నుంచి ధ దాకా 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ, ళ వరసగా 1 నుంచి 9. గుణింతాలతో పని లేదు. క, ట, ప, య నాలుగూ ఒకటితో మొదలవుతాయి కనుక ఆ పేరు.

రాగం పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తీసుకుని తిరగేయాలి. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2. తిరగేస్తే 29. శంకరాభరణానికి ముందు ఆ "ధీర" ఎందుకొచ్చిందని నేను చాలాకాలం అనుకునేదాన్ని. అది పొగడ్త కాదండీ, ఇంటి నంబరు పలక. కల్యాణి "మేచకల్యాణి" అయినా, తోడి "హనుమతోడి" అయినా అందుకే. మ 5, చ 6 కనుక 65. హ 8, న సున్నా కనుక 8. ఇది తెలిశాక వదినగారు వేసిన పొడుపు చూడండి: "1980లో ఊరూవాడా చూసిన 29వ నంబరు ఇల్లు ఏది?" విశ్వనాథ్ గారి సినిమా అని మీరు ఈపాటికి పట్టేసే ఉంటారు.

నంబరు దొరికితే స్వరాలూ దొరుకుతాయి. 72 ఇళ్లు, 12 వీధులు, వీధికి 6 ఇళ్లు అనుకోండి. వీధి మారితే రి, గ మారతాయి. అదే వీధిలో ఇల్లు మారితే ద, ని మారతాయి. మొదటి 36 ఇళ్లలో శుద్ధ మధ్యమం, తక్కిన 36లో ప్రతి మధ్యమం. వీధుల్ని చక్రాలంటారు. వాటి పేర్లు కూడా పొడుపులే. చంద్రుడు ఒకడే కనుక మొదటిది ఇందు, కళ్లు రెండు కనుక రెండోది నేత్ర, మన్మథుడి బాణాలు అయిదు కనుక అయిదోది బాణ, చివరికి పన్నెండోది ఆదిత్య.

ఇప్పుడు మొదటి పొడుపు విప్పండి. ఇరవై అంటే తిరగేస్తే ముందు సున్నా, తరవాత రెండు. సున్నాకి న. రెండుకి ఠ. నఠభైరవి! మనం తేలిగ్గా "నటభైరవి" అని రాసేస్తాం, పుస్తకాల్లోనూ చాలాచోట్ల అలాగే ఉంటుంది. ట అయితే 1, లెక్క 10 వస్తుంది, అది నాటకప్రియ ఇల్లు. ఒక్క ఒత్తు జారితే పది ఇళ్లు అవతలికి పోయి ఎవరి తలుపో కొట్టామన్నమాట.

ఈ లెక్క వచ్చిన కొత్తలో నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. మెట్రిక్ చదివినదాన్ని, లెక్కలంటే భయం లేదు. పట్టిక నోటికొచ్చేసింది. జంటాక్షరం వస్తే కింది హల్లే లెక్క అని సూత్రం కూడా చెప్పేదాన్ని. రత్నాంగిలో త్న వస్తే న తీసుకోవాలి, లెక్క 2. సూర్యకాంతంలో ర్య వస్తే య, లెక్క 17. రెండూ సరిపోయాయి. ఆ ధీమాతో ఒక శనివారం నేనే పొడుపు కట్టాను: "పక్షి పేరు పెట్టుకుని ఇరవై ఆరో ఇంట్లో కాపురం, ఎవరు?" ఎవరూ చెప్పలేకపోతే నేనే విప్పాను. చక్రవాకం. చ 6, క్ర లో కిందిది ర కనుక 2, తిరగేస్తే 26. వదినగారు తలూపారు. వర్ణాలావిడ కూడా తలూపారు.

గుమ్మం దగ్గరనుంచి పిన్నిగారు నెమ్మదిగా అన్నారు కదా, "అమ్మాయ్, ఇరవై ఆరంటే చారుకేశి అని మొన్న నువ్వే చెప్పావు. చారుకేశీ చక్రవాకమూ ఒకింట్లో ఎలా ఉంటాయే? రి దగ్గరే వేరు పడిపోవడం లేదూ?"

"లెక్క అలా వస్తోంది పిన్నిగారూ" అన్నాను, కొంచెం విసురుగానే.

ఆవిడ మరి మాట్లాడలేదు. చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి, చక్రవాకం నాలుగు స్వరాలు ఆలపించారు. ఆగి, చారుకేశి ఆలపించారు. ఇంత చెవిటిదానికైనా తెలుస్తుంది. మొదటిదానిలో రి సన్నకి అంటుకుని కిందుగా ఉంది, రెండోదానిలో ఎత్తుగా నిలబడింది. పైన ద దగ్గర అందుకు తిరగబడి, మొదటిదానిది ఎత్తు, రెండోదానిది కిందు. పుస్తకం తీసి చూశాం. చక్రవాకం పదహారో మేళం. అక్కడ లెక్కకి తీసుకోవలసింది ర కాదు, క. మూడో వీధి కనుక శుద్ధ రిషభం, అంతర గాంధారం, వీధిలో నాలుగో ఇల్లు కనుక చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అక్షరం పొల్లుపోకుండా పిన్నిగారు పాడిందే. దివ్యమణికీ అంతే, వ్య లో వ తీసుకుంటేనే 48 వస్తుంది. నా సూత్రానికి చిల్లులున్నాయి. ఆ రోజు కాఫీ నాకు చేదుగానే ఉంది. నెలల తరబడి ఆవిణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది నా పట్టికే అన్న సంగతి ఇంకా చేదు.

అప్పటినుంచి మా ఇంట ఒక కట్టుబాటు. ఎంత లెక్క కుదిరినా, ఎవరో ఒకరు రాగం కూనిరాగం తీసి చూపించేదాకా జవాబు ఒప్పుకోం. వదినగారు కూడా ఇప్పుడు కొంచెం పాడుతున్నారు.

పిన్నిగారు గుమ్మం దగ్గరనుంచి చాప మీదకొచ్చాక పొడుపుల తీరే మారింది. వాళ్లింట్లో పాత హార్మోనియం ఉంది. ఆవిడ వేసింది ఇది: "నల్లపిల్లలు అయిదుగురు. ఎవరు ముందు నడిస్తే వారి ఇంటిపేరే అందరిదీ." హార్మోనియం నల్లమెట్లండీ! రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి కదా. తెల్లవి ముట్టుకోకుండా, మూడింటి గుంపులో మొదటి మెట్టును సగా పెట్టుకుని వాయిస్తే మోహన. రెండోదాన్ని పెట్టుకుంటే మధ్యమావతి. మూడోదానితో హిందోళం. రెండింటి గుంపులో మొదటిదానితో శుద్ధసావేరి, రెండోదానితో శుద్ధధన్యాసి. మెట్లు అవే, స మారితే రాగం మారిపోతుంది. పండితులు దీన్ని గ్రహభేదం అంటారు. మీ ఇంట్లో పిల్లల బొమ్మ పియానో ఉన్నా చాలు, ఇవాళే వాయించి చూడండి.

మంచి పొడుపుకి తలుపు తీసే దారి ఉండాలని నా అభిప్రాయం. "త్యాగయ్యగారు ఫలానా రాగంలో ఎన్ని కృతులు చేశారు?" అని అడిగితే అది పరీక్ష పేపరు, తెలిస్తే తెలుస్తుంది లేకపోతే లేదు. "అక్కచెల్లెళ్లు అయిదుగురు, ఒక్కతే సంస్కృతం మాట్లాడుతుంది" అంటే మాత్రం వెతుక్కుంటూ పోవచ్చు. ఘనరాగ పంచరత్నాలు, వాటిలో నాట రాగంలో ఉన్న జగదానందకారక. వర్ణాలావిడ వేసింది నాకు మరీ ఇష్టం: "గురువారంవాడు ఏ తాళానికి నడుస్తాడు?" దీక్షితులవారు వారాధిపతులు ఏడుగురి మీదా కృతులు కట్టి, ఏడు తాళాలూ వరసగా పంచారు. చిన్నప్పుడు అలంకారాలు నేర్చుకున్నవారైతే ధ్రువ, మఠ్య, రూపక, ఝంప అంటూ ఆదివారం నుంచి వేళ్లు మడిచేసరికి గురువారానికి త్రిపుట వచ్చేస్తుంది. ఇన్నేళ్ల తరవాత అలంకారాల వరస పనికొచ్చిందని ఆవిడ ముఖం ఎంత విప్పారిందో!

ఒక్క జాగ్రత్త. మేళాలకి రెండు రకాల పేర్లున్నాయి. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులుగారు తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో మొదటి మేళం కనకాంగి కాదు, కనకాంబరి. 65 మేచకల్యాణి కాదు, శాంతకల్యాణి. శ 5, త 6. పేరు మారినా నంబరు పలక మారలేదు. కనుక ఎవరైనా రెండో పేరు చెబితే తప్పని కొట్టేయకండి, ముందు లెక్క కట్టండి.

పోయిన శనివారం పిన్నిగారు వేసినది మీకు వదిలి సెలవు తీసుకుంటాను. పట్టిక మీ చేతిలోనే ఉంది. "కనకంతో విస్తరి వేసి, పెరుగు వడ్డించకుండా రసంతోనే లేవదీసే భోజనం ఏది? అందులో వంటకాలెన్ని?"