కాశకుసుమము

సంస్కృతమున కాశమనియు తెనుగున రెల్లనియు పిలువబడు తృణమును విత్తువారు లేరు. ఏటియొడ్డులను, ఇసుకమేటలను, గోదావరీకృష్ణల లంకల యంచులను అది తనంత దుబ్బులు గట్టి మొలచును; నేల యనుకూలించినచో పది పండ్రెండడుగుల యెత్తు పెరుగును. దాని వేళ్లు ఇసుకను గట్టిగ పట్టియుంచును. గ్రీష్మమున ఎండుగడ్డివలె నుండి, వానలకు పచ్చబడి, భాద్రపదము గడచి ఆశ్వయుజము సొచ్చునప్పటికి వెన్నులు విడుచును. అప్పుడు ఒడ్డంతయు తెల్లనగును. కవులు పువ్వని వర్ణించిన ఆ తెలుపు పూరేకులది కాదు. గింజ మొదట నుండి, దానిని గాలి కెత్తు పట్టువంటి నూగుది.

అమరకోశము కాశమునకు 'ఇక్షుగంధ' యను పర్యాయము చెప్పుచున్నది. చెరకువాసన గలదని దాని యర్థము. ఈ పేరు పెట్టినవారు ఏమి చూచి పెట్టిరో కాని, వారి చూపు తప్పలేదు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు కాశమును చెరకును ఒక్క ప్రజాతిలోనే చేర్చుచున్నారు. 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెరకు పరిశోధనకేంద్రమున బార్బరు, వెంకటరామన్ అనువారలు చెరకును ఈ యడవిగడ్డితో సంకరము చేయగా 'కో 205' అను రకము పుట్టి 1918లో రైతుల కందినది. నిఘంటువులో నొక మూల నున్న చుట్టరికము ఈ తీరున పొలమున ఋజువైనది.

కావ్యములలో ఈ తృణము తెల్లదనమునకు ఉపమానమని మాత్రమే చెప్పి విడుచుట వ్యాఖ్యాతల వాడుక. వాల్మీకి దీనికి అంతకంటె పెద్దపని యప్పగించెను. వాలివధ యైన పిదప సీతాన్వేషణము వానకాలము గడచువరకు ఆగవలసి వచ్చెను. రాముడు ప్రస్రవణగిరిపై నాలుగునెలలు వేచియుండెను. సుగ్రీవుడు భోగములలో మునిగి యాడినమాట తలపకుండెను. శరత్తు ప్రవేశించినంతనే రాముడు తమ్మునితో జెప్పిన వర్ణనమున, నదీముఖములు కాశములనెడు పట్టుబట్టలు కప్పుకొన్న వధువుల ముఖములవలె నున్నవి. భార్యను గోల్పోయినవాని నోట ఈ పోలిక వచ్చుటలోని వేదన వేరుగ వివరింపనక్కరలేదు. పిమ్మట లక్ష్మణుడు కిష్కింధకు పోవుట జరిగినది. వానరరాజు మరచిన గడువు ఏటిగడ్డికి జ్ఞప్తియందున్నది.

వాల్మీకి యేటికి కప్పిన పట్టును కాళిదాసు ఋతువునకే కట్టెను. ఋతుసంహారము మూడవ సర్గమున శరత్తు కాశవస్త్రము దాల్చిన నవవధువు. రఘువంశము నాలుగవ సర్గమున తెల్లదామర గొడుగుగను కాశము వింజామరముగను గైకొని, ఆ ఋతువు రఘుమహారాజు ననుకరింపబోయి యాతని శోభను మాత్ర మందలేకపోయినది. గాలికి తలయూచు రెల్లువెన్నును ఒక్కమారు చూచినవారికి వింజామరపు పోలిక యెంత సూటియైనదో తెలియును. అచ్చటను అసలు విషయము కాలమే. ఏరులు నడచి దాటదగినంతగ తీసి, బాటల బురద యెండినగాని దండు కదలదు. కాశము పూచెనన్న జైత్రయాత్రకు వేళ యయ్యెనని యర్థము.

తెనుగున నొక చిక్కు కలదు. కుమారస్వామి పుట్టిన శరవణమును మనవారు రెల్లుపొదలనియే చెప్పుదురు. 'రెల్లుచూలి' యను నాతని నామ మట్లు వచ్చినదే. కాని శరము వేరు, కాశము వేరు. అమరసింహుడు రెంటికి వేర్వేరు పర్యాయములు చెప్పెను. శరమునకు బాణమను నర్థము గూడ నుండుట, దాని గట్టికాడ బాణములకు పనికివచ్చుటను తెలుపుచున్నది. రెండును దగ్గరిజాతివే యగుటచే తెనుగుమాట యొక్కటే రెంటిని మోసినది. కుమారజన్మమున రెల్లు శరము. శరద్వర్ణనమున రెల్లు కాశము. ఇంతమాత్రము పాఠకుడు విడదీసికొనిన చాలును.

పలు ప్రబంధములలో ఈ గడ్డి మరి యెండినది. రాజుకీర్తిని వెన్నెలతోను హంసలతోను ముత్యములతోను పోల్చు వరుసలో కాశ మొక లెక్క యైనది. అందు ఏరు లేదు, గడువు లేదు.

ఆ గడువు మరల కళలోనికి వచ్చినది వంగదేశమున. అచ్చట దీనికి 'కాశ్' అనియే పేరు. అది పూచినచో దుర్గాపూజలు వచ్చినవని జనులు సంతసింతురు. విభూతిభూషణ వందోపాధ్యాయుని 'పథేర్ పాంచాలి' నవల 1929లో గ్రంథముగ వెలువడినది. దానిని చలనచిత్రముగ తీయబూనిన సత్యజిత్ రాయ్ 1952 అక్టోబరున పాల్సిట్ గ్రామము కడ, పూచిన కాశవనమున తొలిదృశ్యము నారంభించెను. దుర్గ, అపు అను అక్కాతమ్ములు ఆ తెల్లని గడ్డిలోబడి పోయి పొగబండిని చూచు ఘట్టమది. కథలో దుర్గ పిదప మరణించును. చూచినవారికి ఆమె తలపు ఆ గడ్డితోనే ముడివడియుండును. మొదటినాటి పని ముగిసి, వారము గడచి మరల వచ్చి చూడగా పశువులు ఆ పూతనంతయు మేసిపోయినవి. వేరుచోట వేరుగడ్డితో సరిపుచ్చుకొనక, రాయ్ మరుసటి శరత్తు వరకు వేచి, కాశము తిరిగి పూచిన పిదపనే ఆ ఘట్టమును పూర్తిచేసెను. చిత్రము 1955లో విడుదలయ్యెను.