ప్యాకెట్‌పై ‘ఎస్‌పీ’ అని ఉంటే ఆగండి!

పలమనేరు పరిసరాల్లో కామెర్లు అనగానే చాలామందికి నేల ఉసిరి గుర్తొస్తుంది. అయితే ఆ పేరుతో ఒకేలా కనిపించే పలు మొక్కలు బజారుకొస్తుంటాయి. అందుకే పొడి, క్యాప్సూల్ కొనేటప్పుడు లేబుల్‌పై శాస్త్రీయ నామం చదవండి. ‘ఫిల్లాంథస్ అమారస్’లో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి.

* ఎస్‌పీ: ప్రజాతి తెలిసింది, జాతి తేలలేదు.
* ఎస్‌పీపీ: ఆ ప్రజాతిలోని పలు జాతులు.
* వీఏఆర్: జాతిలో ఒక రకం.
* ఎస్‌వైఎన్: అదే మొక్కకున్న మరో పేరు.
* ఎల్: పేరు పెట్టిన లిన్నేయస్. మన ఎర్రచందనం పేరు చివరుండే ‘ఎల్.ఎఫ్.’ ఆయన కుమారుడు. ఇవి మోతాదు గుర్తులు కావు.

జాతి తేలకపోతే ఏమవుతుంది? అనాసపువ్వునే చూడండి. వంటల్లో వాడేది ఇలీషియం వెరమ్. అచ్చం అలాగే ఉండే ఇలీషియం అనిసాటమ్ విషపూరితం, ఫిట్స్ తెప్పిస్తుంది. ‘ఇలీషియం ఎస్‌పీ’ అని రాస్తే రెండింటిలో ఏదైనా కావచ్చు.

పేరు సరిగ్గా ఉన్నా, కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మగత, తికమక, రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి. మూలికా మందు వాడి ఉంటే దాచకండి, ఆ ప్యాకెట్ వెంట తెండి.