ఆ చుక్కలోనే ఆచూకీ!

మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. 'వేడి చేసిందిలే' అనుకుని రెండ్రోజులు బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు తాగితే మామూలైపోయింది. ఇక డాక్టరెందుకు? చాలా ఇళ్లలో కథ ఇక్కడితో ఆగిపోతుంది. నిజానికి మొదలవ్వాల్సింది ఇక్కడే! నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి లక్షణం కావచ్చు. ఒకసారి కనిపించి, దానంతటదే ఆగిపోయి మనల్ని ఏమార్చడం దానికి అలవాటు.

పొగతాగేవారికి ఈ ముప్పు ఎక్కువ. పొగలోని విషపదార్థాలను కిడ్నీలు వడపోసి మూత్రంలోకి పంపుతాయి. అవి గంటల తరబడి మూత్రాశయం గోడలను తాకుతూ ఉంటాయి. రంగుల తయారీ కార్మికుల్లో ఈ జబ్బు కనిపిస్తోందని జర్మనీ సర్జన్‌ లుడ్విగ్‌ రేన్‌ 1895లోనే గుర్తించారు.

మూత్రమార్గం గుండా సన్నటి గొట్టాన్ని పంపి లోపల చూసే సిస్టోస్కోపీయే దీనికి ప్రధాన పరీక్ష. చిక్కేమిటంటే, కణితిని తీసేశాక కూడా చాలామందిలో మళ్లీ వస్తుంది. అందుకే మూడు నెలలకు మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఆ పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి. వెళ్లిన ప్రతిసారీ ఇబ్బందే, ఖర్చే.

ఆ కబురేదో మూత్రమే చెబితే?

కణితి నుంచి రాలిన కణాలు మూత్రంలో కలుస్తాయి. వాటిని మైక్రోస్కోపు కింద చూసి క్యాన్సర్‌ను పట్టుకోవచ్చని 1945లో చెప్పింది 'పాప్‌ స్మియర్‌' పరీక్షతో పేరుపొందిన డాక్టర్‌ జార్జ్‌ పాపనికొలావే. వేగంగా ముదిరే రకాన్ని ఈ పరీక్ష బాగానే పడుతుంది. నెమ్మదిగా పెరిగే రకం కణాలు మాత్రం మామూలు కణాల్లా కనిపించి తప్పించుకుంటాయి.

అందుకే పరిశోధకులు కణం రూపాన్ని వదిలి దాని లోపలి గుట్టు మీద పడ్డారు. అవే మాలిక్యులర్‌ మార్కర్లు. ఎన్‌ఎంపీ22 పరీక్ష కణ కేంద్రకంలోని ఓ ప్రొటీన్‌ను వెతుకుతుంది. అమెరికాలో 2001లో అనుమతి పొందిన యూరోవిజన్‌ పరీక్ష 3, 7, 17 క్రోమోజోముల సంఖ్య పెరిగిందా, తొమ్మిదో క్రోమోజోములో ఓ ముక్క పోయిందా అన్నది మెరిసే రంగుల చుక్కలతో చూపిస్తుంది. తర్వాత వచ్చినవాటిలో కొన్ని ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌3, టెర్ట్‌ జన్యువుల్లో మార్పులను పసిగడతాయి.

అలాగని ఇవే సర్వస్వం కాదు. ఇన్‌ఫెక్షన్‌ ఉన్నా, రాళ్లున్నా ఎన్‌ఎంపీ22 'అనుమానమే' అనొచ్చు. కణితి మరీ చిన్నదైతే ఏ మార్కరైనా 'ఏమీ లేదు' అనే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఇవి సిస్టోస్కోపీకి తోడే కానీ బదులు కాదు. ఏది ఎవరికి అవసరమో యూరాలజిస్టే తేల్చాలి.

ఎంత గొప్ప పరీక్షయినా మనం వెళ్తేనే కదా పనికొచ్చేది! ఇలాంటివి బయటికి చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లు మొహమాటపడతారు. మనమే అడగాలి. ఎరుపు ఒక్కసారి కనిపించి మాయమైనా సరే... డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.