రిపోర్టు బాగుపడింది, మరి గుండె?

ముట్లుడిగే రోజుల్లో చాలామంది స్త్రీలకు లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు మారిపోతుంది. తిండి అదే, పని అదే, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ మాత్రం పెరుగుతుంది. దీనికి మూలం కాలేయంలో ఉంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని పెంచేది ఈస్ట్రోజన్. అండాశయాలు దాన్ని తయారుచేయడం మానేస్తే గ్రాహకాలు తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది.

అయితే ఈస్ట్రోజన్‌ను మాత్రగా ఇస్తే సరిపోదా? అమెరికాలో 875 మందితో జరిగి 1995లో ఫలితాలు వెలువడిన పెపి పరీక్షలో ఎల్‌డీఎల్ నిజంగానే తగ్గింది, మంచిదైన హెచ్‌డీఎల్ పెరిగింది. గుండెపోట్లూ తగ్గుతాయని వైద్యులు ఆశపడ్డారు. 1998లో హెర్స్ అనే మరో పరీక్ష ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బున్న 2,763 మందిని నాలుగేళ్లు గమనించారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారితో పోలిస్తే హార్మోన్లు వాడినవారిలో ఎల్‌డీఎల్ 11 శాతం తక్కువ, హెచ్‌డీఎల్ 10 శాతం ఎక్కువ. గుండెపోట్లు మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం. మొదటి ఏడాదిలోనైతే హార్మోన్లు వాడినవారికే ఎక్కువ వచ్చాయి! నా దృష్టిలో ఈ విషయంలో ఇంతకన్నా ముఖ్యమైన పాఠం లేదు. 16,608 మందితో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన మరింత పెద్ద అధ్యయనం కూడా గుండెకు రక్షణ చూపలేదు. పైగా పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగాయి.

మింగిన మాత్ర పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ ఎల్‌డీఎల్‌ను తగ్గించడంతో పాటు ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులనూ, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది. చర్మానికి అంటించే ప్యాచ్‌తో ఈ ఇబ్బంది తక్కువ, కొలెస్ట్రాల్ మీద ప్రభావమూ తక్కువే.

వయసు సంగతీ ఉంది. 2002 నాటి అధ్యయనంలో సగటు వయసు 63. ముట్లాగిన ఆరేళ్లలోపే హార్మోన్లు మొదలుపెట్టినవారిలో మెడ ధమని గోడ మందమెక్కడం నెమ్మదించిందని 2016లో ఎలైట్ పరీక్ష చూపింది. పదేళ్లు దాటాక మొదలుపెట్టినవారికి ఆ లాభం లేదు. అందుకే ఒళ్లంతా ఆవిర్లతో నిద్రపట్టని యాభయ్యేళ్ల మనిషికి, వేరే అడ్డంకులు లేకపోతే, హార్మోన్లు మంచి మందే. ఎల్‌డీఎల్‌ను తగ్గించడానికైతే స్టాటిన్లనే మందులున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు చాలా ఎక్కువ. చాలామందికి నలభై కూడా నిండవు. అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇలాంటివారికి, హార్మోన్లు వాడకూడని జబ్బులేవీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకు వాటిని ఇవ్వాలన్నది వైద్య సంఘాల సలహా. వాళ్లలో ఎందరికి ఈ మాట ఎవరైనా చెప్పారు? ఆపరేషన్‌లో అండాశయాలు ఉంచారా, తీసేశారా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. లిపిడ్ రిపోర్టుతో పాటు దాన్నీ డాక్టరుకు చూపించాలి.